కారొచ్చింది... గాజులెళ్లాయి!

"అమ్మా, సెకండ్‌హ్యాండ్‌ స్పోర్ట్స్‌ కారు, అగ్గువకే వస్తోంది" అంటూ మా అబ్బాయి వెంటపడితే కరిగిపోయి, చీటీ డబ్బులు చేతిలో పెట్టాను. నేలకు ఆనుకున్నట్టుండే బండి. మా హాలియాలో స్పీడ్‌బ్రేకర్‌ దాటితే చాలు, అడుగు గీసుకునేది! క్లచ్‌, బ్రేకులు, టైర్లు... మూడు నెలల్లో మిర్యాలగూడ మెకానిక్‌కు పోసింది కొన్న ధరలో సగం. తయారీ ఆగిపోయిన మోడల్‌ కాబట్టి విడిభాగాలకు హైదరాబాద్‌ పరుగులు. చివరికి నా గాజులు తాకట్టుకెళ్లాయి.

చీర కొంటేనే మడత విప్పి చూస్తామే, కారు దగ్గర మొహమాటమెందుకు? బేరానికి ముందే మనకు తెలిసిన మెకానిక్‌కు చూపించండి. మరమ్మతులకు విడిగా డబ్బుంచుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం, కొన్న 30 రోజుల్లోగా బండి చేతులు మారిందని రవాణా శాఖకు తెలపాలి, మరవకండి.

వాడి ముచ్చట తీరింది. నా గాజులే ఇంకా ఇంటికి రాలేదు!