పది గిగాహెర్ట్జ్ ఎందుకు రాలేదు?

“2004లో నేను కొన్న కంప్యూటర్ వేగం 3 గిగాహెర్ట్జ్. మొన్న మా అబ్బాయి కొన్న ల్యాప్‌టాప్‌దీ ఇంచుమించు అంతే. మరి ఇన్నేళ్లూ పెరిగిందేమిటి?” అని ఒక పాఠకుడు అడిగారు. ఈ నెల రాద్దామనుకున్న విషయాన్ని పక్కన పెట్టేశాను. ఇలాంటి ప్రశ్న వదిలిపెట్టబుద్ధి కాదు.

1971 నాటి ఇంటెల్ 4004కు ఒక మెగాహెర్ట్జ్ వేగమైనా లేదు. 1993లో పెంటియం 60 మెగాహెర్ట్జ్‌తో మొదలైంది. 2000లో 1 గిగాహెర్ట్జ్, 2002 చివరికి 3. ఆ ఊపులోనే పెంటియం 4 డిజైన్ 10 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుందని ఇంటెల్ చెప్పుకుంది. తీరా 2004లో 4 గిగాహెర్ట్జ్ చిప్‌నే రద్దు చేసుకుంది. కంపెనీ అధిపతి క్రెయిగ్ బారెట్ ఒక సదస్సు వేదిక మీద మోకరిల్లి మన్నించమన్నాడు.

మూర్ సూత్రం తప్పిందని చాలామంది అంటారు. పొరపాటు. గోర్డన్ మూర్ 1965లో రెట్టింపవుతుందన్నది చిప్‌లో పట్టే భాగాల సంఖ్య. అది 2004 తర్వాతా పెరుగుతూనే వచ్చింది. వేగం కథ ఐబీఎం ఇంజనీరు రాబర్ట్ డెనార్డ్‌ది.

1974లో డెనార్డ్ బృందం ప్రచురించిన లెక్క చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ట్రాన్సిస్టర్ కొలతలన్నీ సగం చేయండి, వోల్టేజీనీ సగం చేయండి. అందులో ఖర్చయ్యే విద్యుత్తు కెపాసిటెన్స్, వోల్టేజీ వర్గం, వేగం ఈ మూడింటి లబ్ధాన్ని బట్టి ఉంటుంది. కెపాసిటెన్స్ సగమైంది, వోల్టేజీ వర్గం పావు అయింది, వేగం రెట్టింపైంది. గుణిస్తే ఖర్చు పావు వంతు. ట్రాన్సిస్టర్‌కు కావలసిన చోటూ పావు వంతే! అంటే చదరపు మిల్లీమీటరుకు పుట్టే వేడి ఏమాత్రం పెరగకుండా వేగం రెట్టింపైందన్నమాట. ఇంజనీర్లకు ప్రకృతి ఇంత ధారాళంగా ఇచ్చిన వరం ఇంకొకటి నాకు తోచడం లేదు.

మెలిక వోల్టేజీలో ఉంది. దాన్ని తగ్గిస్తే, ట్రాన్సిస్టర్ తెరుచుకునే థ్రెషోల్డ్ వోల్టేజీనీ తగ్గించాలి. లేకపోతే స్విచ్ మందకొడిగా పనిచేస్తుంది. ఈ థ్రెషోల్డ్‌ను చెరువు గట్టు అనుకోండి. వేడికి అటూఇటూ కదిలే ఎలక్ట్రాన్లు గాలికి లేచే అలలు. గట్టును తగ్గించగలం గానీ గాలిని తగ్గించలేం. పైగా పొర్లే నీరు కొద్దికొద్దిగా పెరగదు. గది ఉష్ణోగ్రత దగ్గర థ్రెషోల్డ్ 60 మిల్లీవోల్టులు తగ్గితే చాలు, ఆపేసిన స్విచ్‌లోంచి కారే కరెంటు పది రెట్లవుతుంది. 120 తగ్గిస్తే 100 రెట్లు, 180 తగ్గిస్తే 1000 రెట్లు. అదీ ఆదర్శ పరిస్థితుల్లో. నిజం చిప్‌లలో ఇంకా ఘోరం.

ఆ 60 ఎక్కణ్ణుంచి వచ్చింది? బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం, ఉష్ణోగ్రత, ఎలక్ట్రాన్ ఆవేశం నుంచి. ట్రాన్సిస్టర్ ఎంత చిన్నదన్న ప్రసక్తే అందులో లేదు. చిప్‌లు 5 వోల్టులతో నడిచినన్నాళ్లూ ఈ కారడాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు. వోల్టేజీ 1కి చేరువయ్యాక ఇక దిగనని మొండికేసింది. అది దిగకుండా వేగం పెంచితే వేడే మిగులుతుంది.

ఇది ఎవరూ ఊహించనిదీ కాదు. కొలతలతో పాటు తగ్గని గుణం ఇదేనని 1974 వ్యాసంలోనే ఉంది! 10 గిగాహెర్ట్జ్ అన్నవాళ్లు గ్రాఫు వాలు చూసి గీతను పొడిగించారు తప్ప ఆ గీత వెనకున్న సమీకరణాన్ని తిరగేయలేదు. అదే ఇంటెల్‌లో పాట్ గెల్సింగర్ 2001లో ఇంకో గీత గీశాడు: ఇలాగే పోతే చిప్ మీద వేడి సాంద్రత 2005కు అణు రియాక్టర్‌ స్థాయికి, 2015కు సూర్యుడి ఉపరితలం స్థాయికి చేరుతుందని. అదీ జరగలేదు. జరగకూడదనే చెప్పాడు కాబట్టి ఆ జోస్యాన్ని నేను తప్పు పట్టను.

పాఠకుడి ప్రశ్నకు జవాబు చెప్పాలి కదా: చిప్ గడియారపు ఒక్కో టిక్కుకు జరిగే పని పెరిగింది, 2005 నుంచి కోర్‌ల సంఖ్య పెరిగింది. ప్రకటనలు ఇప్పుడు కోర్‌లను లెక్కపెడుతున్నాయి. కంప్యూటర్ ఇంజనీరు జీన్ ఆమ్‌డాల్ 1967లోనే హెచ్చరించాడు. పనిలో పదో వంతు ఒకదాని తర్వాత ఒకటిగా చేయక తప్పనిదైతే, లక్ష కోర్‌లు పెట్టినా వేగం పది రెట్లు దాటదు. ఈ సంగతి మాత్రం ఏ ప్రకటనలోనూ నాకు కనబడలేదు.