తలస్నానం రోజే నీళ్లెందుకు నిలుస్తాయి?

మామూలు రోజుల్లో నెమ్మదిగానైనా పోయే నీళ్లు, ఇంటిల్లిపాదీ తలకు పోసుకున్న రోజున మాత్రం మడమల దాకా నిలుస్తాయి. ఈ ఒక్క సంగతి గమనిస్తే సగం జవాబు దొరికినట్టే. లైను మొత్తం జామ్ అయితే రోజూ ఒకేలా ఇబ్బంది పెడుతుంది. తలస్నానం నాడే పెడుతోందంటే, అడ్డం మన చేతికి అందేంత దూరంలోనే ఉండి ఉంటుంది. హైదరాబాద్ గుడిమల్కాపూర్ గల్లీల్లో చిన్న చిన్న స్థలాల్లో పోర్షన్ మీద పోర్షన్ లేపిన ఇళ్లలో ఈ బాధ పడనివాళ్లు తక్కువ. అయినా చాలామంది మొదట వెతికేది యాసిడ్ సీసా. అది చివర్లో కూడా అక్కర్లేదన్నది నా అభిప్రాయం.

జాలీ కింద ఏముంటుంది?

బాత్రూమ్ మూలన ఉన్న జాలీ ఎత్తి చూస్తే కింద గిన్నెలాంటి భాగం కనిపిస్తుంది. ప్లంబర్లు దీన్ని నహానీ ట్రాప్ అంటారు. నీళ్లు ఇందులోకి దిగి, ఒక వంపు తిరిగి, ఆ తర్వాతే గొట్టంలోకి పోతాయి. వంపులో దాదాపు రెండంగుళాల ఎత్తున నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండాలి. అవి నిలిచి ఉన్నంతకాలం వీధి మురుగు కంపు, బొద్దింకలు ఇంట్లోకి రావు. గొట్టాన్ని ఇలా వంచి నీళ్లతోనే కంపును ఆపే పద్ధతికి 1775లో పేటెంటు పొందినవాడు అలెగ్జాండర్ కమింగ్, లండన్‌లో గడియారాలు చేసేవాడు. రెండున్నర శతాబ్దాలు దాటినా ఆ వంపును మించిన ఉపాయం రాలేదు.

చిక్కంతా అక్కడే ఉంది. కంపును ఆపే వంపే వెంట్రుకనూ ఆపుతుంది. తిన్నగా ఉన్న గొట్టంలో కొట్టుకుపోయే చెత్త మలుపు దగ్గర వేగం తగ్గి ఆగిపోతుంది.

వెంట్రుకలు ఒక్కటే ఇంత పని చేస్తాయా?

ఒక మనిషి తల నుంచి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. నలుగురున్న ఇంట్లో వారానికి ఎన్నవుతాయో లెక్క వేసుకోండి. అయితే ఒట్టి వెంట్రుకలు నీళ్లను పూర్తిగా ఆపలేవు, సందుల్లోంచి నీళ్లు జారిపోతూనే ఉంటాయి. వాటికి ఇంకో మూడు తోడవ్వాలి: జిడ్డు, తెట్టు, పిండి.

జిడ్డు అంటే తలకు రాసుకున్న నూనె. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డ కడుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో హైదరాబాద్ ఉష్ణోగ్రత దానికంటే చాలా కిందికి దిగుతుంది. వేడినీళ్లతో కరిగి దిగిన నూనె ట్రాప్‌లోని చల్లటి నీళ్లు తగలగానే మళ్లీ పేరుకుంటుంది. చలికాలంలో ఈ ఫిర్యాదు ఎక్కువగా వినిపించడానికి ఇదొక కారణం.

తెట్టు సంగతి నీటి మీద ఆధారపడి ఉంటుంది. పక్కనే ఉన్న ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్‌కు ఉస్మాన్‌సాగర్ నీళ్లు వస్తాయి. చెరువు నీరు కాబట్టి కాఠిన్యం తక్కువ. కానీ నల్లా రాని పూట మోటారు వేసి బోరు నీళ్లు వాడని ఇల్లు ఏది? రాతినేలల్లోంచి వచ్చే బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిస్తే నురగ రాదు, తెల్లటి బంక వస్తుంది. బకెట్ అంచున గోరుతో గీకితే వచ్చేది అదే. ఆ బంక గొట్టం లోపలి గోడకు పట్టి వెంట్రుకలను పట్టుకుంటుంది. షాంపూతో ఈ బంక అంతగా రాదు. సబ్బుతోనే తల రుద్దుకునే ఇళ్లలో త్వరగా పేరుకుంటుంది.

ఇక పిండి. పండగపూట ఒంటికి నలుగు పెట్టుకునే సున్నిపిండి వేడినీళ్లకు ఉబ్బి ముద్దవుతుంది. వడకట్టని కుంకుడు రసంలోని తొక్కలు, శీకాయ పొడి, మందారాకు పసరులోని పిప్పి, తలకు పెట్టిన గోరింటాకు అన్నీ ఆ ముద్దలోకే చేరతాయి. ఇవి మంచివే, మానేయమని చెప్పడం లేదు, కుంకుడు రసాన్ని పల్చటి గుడ్డలో వడకడితే చాలు.

ఈ మూడే కాదు, పూలదండలూ ఉన్నాయి. జాంబాగ్ నుంచి పూల మార్కెట్ తరలి వచ్చాక గుడిమల్కాపూర్ పేరు చెబితే బంతి, చామంతి, మల్లెలే గుర్తొస్తాయి. తీసేసిన పూలదండలో పూరేకులు నీళ్లలో నాని కొట్టుకుపోతాయి. వాటిని కట్టిన దారం, అరటినార మాత్రం పోవు. మూరెడు దారం ఒక్కటి వంపులోకి జారినా చాలు, వచ్చిన వెంట్రుకనల్లా చుట్టుకుంటుంది. షాంపూ ప్యాకెట్ పళ్లతో చించి వదిలేసే ఆ చిన్న మూల కూడా తక్కువది కాదు. జాలీ రంధ్రంలోంచి సులువుగా దూరి, లోపల అడ్డంగా పడుకుంటుంది.

కొత్తగా టైల్స్ వేయించిన బాత్రూమ్ అయితే ఇవేవీ కారణం కాకపోవచ్చు. పని ముగిశాక మేస్త్రీ కడిగి వదిలిన వైట్ సిమెంట్ లోపల గట్టిపడి ఉంటుంది. దానికి ట్రాప్ విప్పడమో మార్చడమో తప్పదు.

ఎలా తీయాలి?

ముందు చేయి. రబ్బరు గ్లవ్స్ వేసుకుని, స్క్రూడ్రైవర్‌తో జాలీ లేపండి. కొన్ని ట్రాపుల్లో లోపల బోర్లించిన కప్పు ఒకటి ఉంటుంది. దాన్ని పైకి లాగి, అడుగున, చుట్టూ పట్టిన పాచినంతా పాత బ్రష్‌తో రుద్దండి. తర్వాత బట్టలు తగిలించే తీగ హ్యాంగర్‌ను సాగదీసి, కొసను చిన్న కొక్కెంలా వంచి, వంపులోకి పంపి నెమ్మదిగా తిప్పుతూ లాగండి. లోపలికి పొడవకండి. పొడిస్తే ముద్ద ఇంకా ముందుకు పోయి అందకుండా పోతుంది. నల్లటి జడపాయ లాంటిది బయటికొస్తే సాధారణంగా పని అయిపోయినట్టే. దాన్ని కమోడ్‌లో వేయకుండా కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేయండి.

కప్పును తప్పకుండా తిరిగి పెట్టండి. అదే నీళ్లకు అడ్డమని చాలామంది తీసి పక్కన పడేస్తారు. నీళ్లు బాగానే పోతాయి, కానీ ఆ రాత్రి నుంచే కంపు మొదలవుతుంది.

చేయి అందకపోతే ప్లంజర్, అంటే కర్రకు రబ్బరు టోపీ. ఇది పనిచేయలేదనేవాళ్లలో ఎక్కువమంది ఒక విషయం మర్చిపోతారు. వాష్‌బేసిన్ గొట్టం, ఒక్కోసారి వాషింగ్ మెషీన్ గొట్టం కూడా అదే ట్రాప్‌లోకి దిగుతాయి. మీరు నొక్కిన గాలి అటునుంచి బయటికి పోతే లోపలి ముద్ద మీద ఒత్తిడే పడదు. ముందు బేసిన్ రంధ్రాన్ని తడిగుడ్డ కుక్కి మూసేయండి. రబ్బరు టోపీ మునిగేంత నీళ్లు ఉంచి, పది పదిహేనుసార్లు వరసగా నొక్కి లాగండి. ముద్దను కదిలించేది నొక్కడం కన్నా లాగడమే. అప్పటికీ కదలకపోతే, తిప్పుతూ లోపలికి పంపే డ్రెయిన్ స్ప్రింగ్ ఉన్న ప్లంబర్‌ను పిలవడం మేలు.

యాసిడ్ పోస్తే పోదా?

పోదు. వీధిలో సీసాల్లో అమ్మే యాసిడ్ నీటి మరకలను, ఉప్పు పొరను కరిగిస్తుంది. వెంట్రుకను కరిగించలేదు. పైగా టైల్స్ మధ్య సిమెంటును తినేస్తుంది. అది పోసిన చోటే బ్లీచింగ్ పౌడర్ కూడా చల్లితే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ లేని బాత్రూమ్‌లో అది ప్రాణాంతకం.

అంగట్లో దొరికే డ్రెయిన్ పొడిలో ఉండేది కాస్టిక్ సోడా. అది జిడ్డును, కొంతవరకు వెంట్రుకలను కరిగించే మాట నిజమే. అయితే నీళ్లు తగలగానే విపరీతంగా వేడెక్కుతుంది, జామ్ పూర్తిగా ఉంటే అక్కడే గడ్డకట్టి కూర్చుంటుంది. అది పోశాక ప్లంజర్ జోలికి వెళ్లకండి, కంట్లోకి చిందుతుంది. ప్లంబర్ వస్తే పోసిన సంగతి ముందే చెప్పండి. పొరపాటున కంట్లో పడితే పావుగంటకు తగ్గకుండా ధారగా నీళ్లతో కడిగి, వెంటనే మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికి వెళ్లండి.

వంటసోడా, వెనిగర్ చిట్కా ఫోన్లలో తెగ తిరుగుతోంది. బుసబుస పొంగడం చూడ్డానికి బాగుంటుంది. రెండూ ఒకదాన్నొకటి చల్లార్చుకుని మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. సలసల కాగే నీళ్లు కూడా వద్దు, పీవీసీ గొట్టాలు మెత్తబడి అతుకులు వదులవుతాయి. చేయి పెట్టగలిగినంత వేడి నీళ్లు ఒక బకెట్, ఒక్కసారిగా గుమ్మరిస్తే జిడ్డుకు అంతే చాలు.

మళ్లీ రాకుండా?

జాలీ మీద సన్నరంధ్రాల స్టీలు జల్లెడ ఒకటి పెట్టి, స్నానం కాగానే వెంట్రుకలు ఏరేయండి. తల ముందే దువ్వుకుంటే రాలేవి దువ్వెనకే వస్తాయి. నెలకోసారి కప్పు తీసి కడగండి. వాడని బాత్రూమ్‌లో ఎండాకాలం ట్రాప్ ఎండిపోతుంది, వారానికో చెంబు నీళ్లు పోయండి.

అడ్డం మన ఇంట్లోది కాకపోతే?

బాత్రూమ్, వంటింటి తూము, కమోడ్ మూడూ ఒకేసారి మొరాయిస్తే, లేదా పై అంతస్తువాళ్లు స్నానం చేస్తుంటే కింది పోర్షన్ జాలీలోంచి నీళ్లు ఎగదన్నితే, తప్పు మీ ట్రాప్‌ది కాదు. ఇంటి బయట గల్లీ ట్రాప్, ఛాంబర్ చూడండి. ఛాంబర్ నిండుగా ఉంటే అడ్డం వీధి లైన్లో ఉన్నట్టు, ఖాళీగా ఉంటే ఇంటికీ ఛాంబర్‌కూ మధ్య ఉన్నట్టు. వాన పడ్డప్పుడే ఇలా జరిగితే, వాననీరు మురుగు లైన్లోకి చేరి అది నిండిపోయిందని అర్థం. 1908 మూసీ వరద తర్వాత ఇంజినీరు విశ్వేశ్వరయ్య నగరానికి వేసిన ప్రణాళికల్లో మురుగు కాల్వలదీ ముఖ్య స్థానమే, కానీ అప్పటి జనాభా వేరు. పైగా కొందరు మేడ మీది వాననీటి గొట్టాన్ని మురుగు ఛాంబర్‌లోకి కలిపేస్తారు. అలా కలిపితే ఆ నీళ్లు పొంగేది కింది గల్లీ వాళ్ల బాత్రూముల్లో.

వీధి లైను జామ్‌కు హైదరాబాద్ జలమండలి నంబరు 155313. ఇరుకు సందుల్లోకి వెళ్లగల మినీ జెట్టింగ్ యంత్రాలు వాళ్ల దగ్గర 2017 నుంచి ఉన్నాయి. ఆలస్యమవుతోందని, నాలుగు డబ్బులిచ్చి ఎవరినో మ్యాన్‌హోల్‌లోకి దింపకండి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగులోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఇలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు చెల్లించాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. లోపలి వాయువు వాసన తెలిసేలోపే మనిషి పడిపోతాడు. యంత్రం వచ్చేదాకా కింది పోర్షన్ వాళ్ల కోసం పైవాళ్లు స్నానాలు కాస్త ఆపండి, మ్యాన్‌హోల్ మూత మాత్రం ముట్టుకోకండి.