మడత చాకు కొంటున్నారా? ఉక్కు పేరు చూడండి

మన ఊళ్లలో సాన పట్టే అతను చక్రం వేసుకుని వీధిలోకి వచ్చేవాడు. కత్తిపీట, కత్తెర అన్నీ తీసుకెళ్లి ఇచ్చేవాళ్లం. ఇక్కడ అమెరికాలో మా వీధికి అలా ఎవరూ రారు, ఎవరి పదును వాళ్లే చూసుకోవాలి. అందుకే చాకు కొనేముందు అది ఏ ఉక్కో తెలుసుకోవడం మంచిది. మొండి చాకుని బలం పెట్టి నొక్కినప్పుడే అది జారి వేలు తెగేది.

నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను కాబట్టి ఈ విషయం మీద కొంచెం ఆసక్తి ఎక్కువ. పదును ముఖ్యంగా రెండు రకాలుగా పోతుంది. ఉక్కు మెత్తనిదైతే సన్నటి అంచు పక్కకి ఒరిగిపోతుంది. రెండోది అరుగుదల. అట్టపెట్టెలో సన్నటి ఖనిజపు నలుసులు ఉంటాయి, అవి గరుకు కాగితంలా అంచుని అరగదీస్తాయి. దాన్ని తట్టుకునేవి ఉక్కులోని కార్బైడ్లు, అంటే కార్బన్ క్రోమియంతోనో వెనేడియంతోనో కలిసి ఏర్పడే గట్టి రేణువులు. వీటిలో వెనేడియం కార్బైడ్ చాలా గట్టిది.

విక్టోరినాక్స్ స్విస్ చాకులో కార్బన్ సుమారు 0.5 శాతమే, గట్టిదనం రాక్‌వెల్ స్కేలు మీద 56 దాకా. కార్బైడ్లు తక్కువ. డీ2 ఉక్కులో కార్బన్ 1.5 శాతం, క్రోమియం 12 శాతం దాకా ఉంటాయి. మా ఇంట్లో ఈ రెండూ ఉన్నాయి. ఒకే రకం పెట్టెల్ని రెండింటితో కోసి చూశాను. స్విస్ చాకు అట్టని చింపడం మొదలెట్టేసరికి డీ2 ఇంకా నున్నగా కోస్తోంది. కానీ డీ2లో క్రోమియం చాలావరకు కార్బైడ్లలోకే పోతుంది, తుప్పుని ఆపడానికి మిగిలేది తక్కువ. నిమ్మకాయో పుల్ల మామిడికాయో కోసి కడక్కుండా వదిలేస్తే మరకలు పడతాయి. మన వంటలకి ఇది చిన్న విషయం కాదు!

అమెరికాలో క్రూసిబుల్ కంపెనీ 2001లో తెచ్చిన ఎస్30వీలో 4 శాతం వెనేడియం ఉంది. తుప్పుని బాగా తట్టుకుంటుంది, పదును చాలాకాలం నిలుస్తుంది. ధర ఎక్కువ. మామూలు సానరాయి మీద ఓ పట్టాన అరగదు, డైమండ్ ప్లేటు కావాలి. డబ్బా మూత ఎత్తడానికి వాడితే అంచు పెచ్చులూడచ్చు.

అన్నట్టు, నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో తయారైన ఉక్కులో కూడా కార్బన్ ఎక్కువే. పర్షియా వర్తకులు దాన్ని వచ్చి కొనుక్కెళ్లేవారు.

ఇంకోమాట. పరీక్షశాలల్లో కాట్రా యంత్రం ఇసుక కలిపిన అట్టని కోయించి పదును కొలుస్తుంది. అలాంటి పరీక్షల్లో ఉక్కుతో పాటు అంచు కోణం కూడా చాలా తేడా తెస్తుంది. సన్నగా నూరిన చవక చాకు, మందంగా నూరిన ఖరీదైన చాకుని మించిపోవచ్చు.

పిల్లలున్న ఇంటికి నేనైతే స్విస్ చాకే చెబుతాను. పింగాణీ కప్పు అడుగున గరుకు అంచు మీద నాలుగుసార్లు రాసినా పదును తిరిగొస్తుంది. ఇండియా ప్రయాణమైతే మాత్రం చాకుని చెక్-ఇన్ పెట్టెలోనే సర్దండి, చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటారు.