నిఘా పెట్టగానే సర్వర్ ఎందుకు పడిపోతోంది?

ప్రశ్న: మా లినక్స్ సర్వర్ వేరే ఊళ్లో డేటా సెంటర్‌లో ఉంది. ట్రాఫిక్ ఎక్కణ్నుంచి వస్తోందో చూద్దామని ఒక నెట్‌వర్క్ మానిటరింగ్ ప్రోగ్రాం పెట్టాం. రాత్రయ్యేసరికి పింగ్ చేస్తే పలుకుతోంది గానీ లాగిన్ కావడం లేదు. రీబూట్ చేయిస్తే కొన్ని గంటల్లో మళ్లీ అదే కథ. ఎందుకు?

జవాబు: అసలు ఆనవాలు మీరు చెప్పిన పింగ్‌లోనే ఉంది. పింగ్‌కి బదులిచ్చేది కెర్నెల్. అందుకోసం కొత్తగా ఏ ప్రోగ్రామూ లేవనక్కర్లేదు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అలా కాదు. కొత్త ప్రాసెస్ పుట్టాలి, దానికి మెమరీ దొరకాలి, డిస్కు నుంచి ఫైళ్లు చదవాలి. అంటే వైరు బాగానే ఉంది. లోపల ర్యామ్ అయిపోయి, సర్వర్ స్వాప్ మీద ఈడ్చుకొస్తోందని నా అనుమానం.

ఎన్‌టాప్ లాంటి ప్రోగ్రాములు తాము చూసిన ప్రతి ఐపీ చిరునామాకీ, ప్రతి కనెక్షన్‌కీ మెమరీలో ఒక పద్దు రాసుకుంటాయి. చిన్న ఆఫీసు లాన్‌లో కొన్ని వందల పద్దులతో సరిపోతుంది. ఇంటర్నెట్‌కి ఎదురుగా నిలబడ్డ సర్వర్ సంగతి వేరు. పోర్టులు తడిమి చూసేవాళ్లు రోజంతా వస్తూనే ఉంటారు. ఎవరైనా దొంగ చిరునామాలతో ప్యాకెట్లు కుమ్మరిస్తే ఒక్కో చిరునామాకీ ఒక్కో పద్దు. పాతవి కొట్టేసే లోపే కొత్తవి పోగుపడతాయి. ఇక తట్టుకోలేక కెర్నెల్ ఓఓఎం కిల్లర్‌ని దింపుతుంది. అది సాధారణంగా మెమరీ ఎక్కువ పట్టుకున్నవాడినే చంపుతుంది, తప్పెవరిదో విచారించదు. తప్పు మానిటర్‌దైనా పోయేది తరచు డేటాబేస్.

ఇది ఊహో నిజమో తేల్చుకోవడం తేలికే. జర్నల్‌సీటీఎల్‌కి మైనస్ కె, మైనస్ బి, మైనస్ 1 ఇచ్చి చూడండి, కిందటి బూట్‌లో కెర్నెల్ రాసుకున్నది కనిపిస్తుంది. ‘ఔట్ ఆఫ్ మెమరీ’ అన్న మాట కోసం వెతకండి. జర్నల్‌ని డిస్కు మీద దాచేలా ముందే పెట్టుకోకపోతే మాత్రం ఆ సాక్ష్యం రీబూట్‌తోనే పోయి ఉంటుంది.

మెమరీ ఒక్కటే కాదు, డిస్కూ చూడాలి. సెకనుకు 100 మెగాబిట్ల ట్రాఫిక్‌ని ఉన్నదున్నట్టు ఫైల్లోకి పట్టిస్తే గంటకు 45 గిగాబైట్లు. టీసీపీడంప్‌లో మైనస్ పెద్ద సి 100, మైనస్ పెద్ద డబ్ల్యూ 10 అని ఇస్తే పది ఫైళ్లనే తిప్పి తిప్పి రాస్తుంది. మొత్తం 1 గిగాబైట్ దగ్గర ఆగిపోతుంది.

నేనూ తెలియక చేసిన పని ఒకటుంది. ఎస్ఎస్‌హెచ్‌లో ఉండి, ఫిల్టరేదీ లేకుండా టీసీపీడంప్ నడిపాను. తెర నిండా వరద! ఎవరో దాడి చేస్తున్నారని హడలిపోయి చూస్తే, అన్నీ నా ల్యాప్‌టాప్‌కి వస్తున్న ప్యాకెట్లే. ప్రతి ప్యాకెట్ గురించీ ఒక వరుస, ఆ వరుస నాకు చేరడానికి మరో ప్యాకెట్, దాని గురించి మళ్లీ వరుస. ‘నాట్ పోర్ట్ 22’ అని చేర్చగానే గోల ఆగింది. మైనస్ ఎన్ కూడా పెట్టుకోండి. లేకపోతే కనబడ్డ ప్రతి చిరునామాకీ పేరు కనుక్కోవడానికి డీఎన్ఎస్ ప్రశ్నలు బయలుదేరతాయి, అవీ ట్రాఫిక్కే.

మరి ఇప్పుడేం చేయాలి? ఉత్త రీబూట్ వల్ల లాభం లేదు, బూట్‌తోపాటే మానిటరూ లేస్తుంది. ఐపీఎంఐ కన్సోల్ గానీ హోస్టింగ్‌వాళ్ల రెస్క్యూ మోడ్ గానీ పట్టుకుని లోపలికెళ్లి, ముందు ఆ సర్వీస్‌ని డిసేబుల్ చేయండి. మళ్లీ పెట్టాల్సి వస్తే సిస్టమ్‌డీ యూనిట్‌లో మెమరీమ్యాక్స్ 512ఎం అని రాయండి. హద్దు దాటితే వేటు దాని మీదే పడుతుంది, పక్కవాళ్ల మీద కాదు. కొత్త ఆప్షన్లు పరీక్షించే రోజున ‘టైమవుట్ 10ఎం’ ముందు తగిలించి నడపండి. మీకు లాగిన్ దక్కకపోయినా పది నిమిషాలకు దానికి ఆగమన్న సిగ్నల్ అందుతుంది.

స్విచ్‌లో మిర్రర్ పోర్ట్ ఇస్తారేమో డేటా సెంటర్‌ని ఒకసారి అడిగి చూడండి. ఇస్తే ఈ లెక్కలన్నీ వేరే మెషీన్ మీద కట్టుకోవచ్చు. అద్దె సర్వర్లకు అది దొరకడం కష్టమే అనుకోండి.