దూరం భూమిది, టైమ్ గాలిది

శంషాబాద్ నుంచి ఢిల్లీకి ఆకాశమార్గాన దూరం సుమారు 1,260 కిలోమీటర్లు. జెట్ విమానం పైకి చేరాక గంటకు 800 కిలోమీటర్లకు మించే పోతుంది. ఆ లెక్కన గంటన్నరలో దిగిపోవాలి. టికెట్ మీద మాత్రం రెండుంపావు గంటల దాకా ఉంటుంది. మిగతా ముప్పావు గంట ఏమైనట్టు?

టికెట్ మీద రాసేది గాల్లో ఎగిరే సమయం ఒక్కటే కాదు. ఇక్కడ విమానం నిలిపిన చోటు నుంచి కదిలింది మొదలు, అక్కడ ఆగేదాకా పట్టే సమయమంతా. దీన్నే బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, టేకాఫ్ కోసం వరసలో ఆగడం, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేగం తక్కువగా ఉండడం, రద్దీగా ఉంటే పైనే చక్కర్లు కొట్టడం అన్నీ ఇందులోకే వస్తాయి. ఆలస్యం కావచ్చని కంపెనీలు మరికొన్ని నిమిషాలు ముందే కలుపుకుంటాయి.

ఇక దూరం. మామూలుగా చెప్పే అంకె గుండ్రటి భూమి మీద రెండు ఎయిర్‌పోర్టుల మధ్య అతి దగ్గరి దారిది. విమానం సరిగ్గా ఆ గీత మీదే పోదు. ఉరుము మేఘాలను తప్పించుకోవాలి, సైన్యానికి కేటాయించిన గగనతలాన్ని వదిలిపెట్టాలి. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక, ఢిల్లీ నుంచి పడమటి దేశాలకు వెళ్లేవి చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది.

అన్నిటికంటే పెద్ద తేడా తెచ్చేది గాలి. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం వీస్తుంటుంది. చలికాలంలో అది మరీ బలంగా ఉంటుంది. విమానం దానికి ఎదురు వెళితే ఏటికి ఎదురీదినట్టే, ఇంజన్లు అంతే పనిచేస్తున్నా నేల మీద దాటే దూరం తగ్గిపోతుంది. గాలి వాలున వెళితే పెరుగుతుంది.

2016 అక్టోబరులో ఎయిరిండియా దీన్ని లెక్కలతో సహా చూపించింది. అంతవరకు ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం అట్లాంటిక్ మీదుగా, ఇంచుమించు 13,900 కిలోమీటర్లు వెళ్లేది. దాన్ని గాలి వాలున తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. దారి 15,300 కిలోమీటర్లయింది. అయినా పద్నాలుగున్నర గంటల్లోనే, పాత దారి కంటే దాదాపు రెండు గంటలు ముందుగా చేరింది. సగటు వేగం గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటింది.

టికెట్ చూసేటప్పుడు ఇంకో చిక్కుంది. బయల్దేరే వేళ ఇక్కడి గడియారానిది, చేరే వేళ అక్కడిది. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. హైదరాబాద్‌లో పదింటికి ఎక్కి అక్కడ పన్నెండున్నరకు దిగితే పట్టింది రెండున్నర గంటలు కాదు, నాలుగు. కాబట్టి రెండో విమానం అందుకోవాల్సి ఉంటే కిలోమీటర్లు భాగించి చూసుకోవద్దు. టికెట్ మీది ప్రయాణ సమయాన్నే నమ్మండి. తిరుగు ప్రయాణానికి దాని అంకె వేరుగా చూసుకోండి.