ఫిజీ పల్లెలో అతిథి మర్యాద

పసిఫిక్ మహాసముద్రమున ఫిజీ దేశము మూడువందలకు పైబడిన దీవుల సముదాయము. యాత్రికుడు కడలియొడ్డు హోటలులోనే దినములు గడపి మరలినచో ఏ చిక్కును లేదు. పల్లెలో అడుగిడదలచెనా, వట్టిచేతులతో పోరాదు.

దేవుని సన్నిధికిని, గురువు సన్నిధికిని రిక్తహస్తములతో పోరాదని మన పెద్దలనుట లేదా? అచ్చటి మర్యాదయు నట్టిదే. అయితే కొనిపోవలసినది పండ్లు కావు, యంగోనా వేళ్లకట్ట. ఇది మిరియపుతీగ జాతికి చెందిన మొక్క. ఎండిన వేళ్లను పల్లెపెద్ద యెదుట నుంచి, వచ్చిన పని విన్నవింపవలెను. ఈ తంతును ‘సెవుసెవు’ అందురు. పెద్ద దానిని స్వీకరించిన పిదపనే అతిథికి పల్లెలో తిరుగ ననుమతి లభించును.

ఇది వట్టి లాంఛనము కాదు. ఆ దేశపు భూమిలో ఐదింట నాలుగువంతులకు మించి ‘మతంగలి’ అను వంశముల ఉమ్మడి సొత్తు, దానిని అమ్మరాదు. యాత్రికుడు ఫోటో తీయగోరు జలపాతమును, ఎక్కగోరు కొండయు ఏదో ఒక వంశమువారి పెరడే. అడుగకుండ పెరడు జొచ్చువానిని మనమైన నేమందుము?

వేళ్లను దంచి, పొడిని గుడ్డలో మూటగట్టి, ‘తనోవా’ అను కాళ్లుగల కొయ్యపాత్రలోని నీట పిసుకుదురు. ఆ నీరు బురదవన్నెగా నుండును. మద్యము కాదు గాని, నాలుక కొంత మొద్దుబారును. కొబ్బరిచిప్పతో నందిచ్చినపుడు ఒకసారి చేతులు చరచి, ‘బులా’ అని పలికి, ఒక్క గుక్కలో త్రాగి, ముమ్మారు చరచవలెను. రుచి మాట అడుగరాదు! చిన్ననాట అమ్మమ్మ కషాయము మ్రింగినవారికి మాత్రము అది అంత కష్టము కాదు.

పల్లెలో టోపీయు, నల్లకళ్లద్దములును తీయవలెను. భుజములు, మోకాళ్లు కప్పుకొనవలెను. పసివానిదైనను తల తాకరాదు. మనకు ఆశీర్వాదమైనది వారికి అవమానము.

విందులలో ‘లోవో’ పేరుగన్నది. గోతిలో రాళ్లు కాల్చి, చేమదుంపలు, కర్రపెండలము, చేపలు, మాంసము ఆకులలో చుట్టి వానిపై పేర్చి, మన్ను కప్పి మగ్గనిత్తురు. ‘కోకోండా’ యన నిమ్మరసమున నానిన పచ్చిచేప, కొబ్బరిపాలతో వడ్డింతురు.

1903 మొదలు 1916 వరకు మద్రాసు రేవున కూలి ఒప్పందముపై ఓడలెక్కి యచ్చటికేగినవారిలో తెలుగువారును గలరు. వారి సంతతి యిండ్లలో నేడు తెలుగు సన్నగిల్లి హిందీ నిండినది. యంగోనా గోష్ఠి మాత్రము సాయంకాలముల స్థిరపడినది. చెరకు పండించిన నేల వారికి కౌలుభూమియే. 1976 నాటి చట్టము క్రింది కౌలు గడువులు 1997 నుండి వరుసగా తీరగా, పొడిగింపు దొరకని కుటుంబము లెన్నియో తాతలనాటి పొలములు విడిచిపోయినవి. కౌలు కోరి నేలగలవారి ముంగిటికి పోవు రైతు చేతిలో నేటికిని యంగోనా కట్టయే యుండును.