క్యాన్సిల్ నొక్కితే పని నిజంగా ఆగుతుందా? యాప్ లోపల జరిగేది ఇదీ

గ్యాలరీలో 4కె వీడియో ట్రిమ్ చేసి సేవ్ కొట్టారు. 12 శాతం దగ్గర తప్పు క్లిప్ అని తెలిసి క్యాన్సిల్ నొక్కారు. కొన్ని యాప్‌లు వెంటనే ఆగిపోతాయి. కొన్నిట్లో బటన్ నొక్కినా శాతం పెరుగుతూనే ఉంటుంది. ఇంకొన్ని మరీ అన్యాయం: స్క్రీన్ మూసుకుంటుంది, ఆగిందని మనం అనుకుంటాం, ఫోన్ మాత్రం వేడెక్కుతూనే ఉంటుంది.

ప్రాసెసర్, ర్యామ్, బెంచ్‌మార్క్ స్కోర్ల గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం కానీ ఈ బటన్‌ని ఎవరూ పట్టించుకోరు. నిజానికి మీ బ్యాటరీ, స్టోరేజ్, ఒక్కోసారి డబ్బులు కూడా దీని మీదే ఆధారపడి ఉంటాయి. కోడ్ రాసేవాళ్ల వైపు నుంచి ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం.

ముందు థ్రెడ్ సంగతి

యాప్ ఓపెన్ అవ్వగానే ఆండ్రాయిడ్ దానికి ఒక మెయిన్ థ్రెడ్ ఇస్తుంది. మీ టచ్ అందుకోవడం, స్క్రీన్ గీయడం దాని డ్యూటీ. పెద్ద పని కూడా దాని నెత్తినే వేస్తే స్క్రీన్ బిగుసుకుపోతుంది. టచ్‌కి 5 సెకన్లలో స్పందన రాకపోతే "యాప్ స్పందించడం లేదు" అనే బాక్స్ వస్తుంది, మీరందరూ చూసే ఉంటారు. అందుకే వీడియో ఎక్స్‌పోర్ట్, జిప్ విప్పడం, బ్యాకప్ లాంటి పనులు వేరే వర్కర్ థ్రెడ్‌లకి అప్పగిస్తారు.

అంటే క్యాన్సిల్ బటన్ ఉండేది ఒక థ్రెడ్‌లో, పని నడిచేది ఇంకో థ్రెడ్‌లో. మరి మొదటిది రెండోదాన్ని ఎలా ఆపాలి?

పీక నొక్కి ఆపేస్తే?

అందరికీ మొదట తట్టే ఐడియా ఇదే. జావాలో దీనికోసం మొదట్నుంచీ థ్రెడ్ స్టాప్ అనే మెథడ్ ఉండేది. సమస్య ఏంటంటే, ఆ క్షణంలో వర్కర్ ఏం చేస్తోందో మనకి తెలీదు. ఒక ఫొటోని పాత ఆల్బమ్ లిస్ట్ నుంచి తీసింది, కొత్త ఆల్బమ్‌లో ఇంకా పెట్టలేదు అనుకోండి. సరిగ్గా అప్పుడే చంపేస్తే? ఫొటో రెండు చోట్లా ఉండదు. పైగా ఆ లిస్ట్‌కి వేసిన లాక్ కూడా ఊడిపోతుంది కాబట్టి మిగతా థ్రెడ్‌లు ఆ సగం సగం డేటానే నిజమనుకుని వాడేస్తాయి.

అందుకే 1998లో వచ్చిన జావా 1.2లోనే ఈ మెథడ్ వాడొద్దని హెచ్చరించారు. 2023లో వచ్చిన జావా 20 నుంచైతే దాన్ని పిలిస్తే ఎర్రర్ తప్ప ఇంకేం రాదు. మైక్రోసాఫ్ట్ కూడా డాట్‌నెట్ కోర్‌లో థ్రెడ్ అబార్ట్‌ని పక్కన పెట్టేసింది. ఆండ్రాయిడ్ వాడే బయోనిక్ అనే సీ లైబ్రరీలో బయటి నుంచి థ్రెడ్‌ని క్యాన్సిల్ చేసే ఫంక్షన్ అసలు లేనే లేదు.

"మరి సెట్టింగ్స్‌లో ఫోర్స్ స్టాప్ ఉంది కదా?" అని మీకు డౌట్ రావచ్చు. అది ఒక్క థ్రెడ్‌ని కాదు, మొత్తం ప్రాసెస్‌నే లేపేస్తుంది. యాప్ మెమరీ అంతా పోతుంది కాబట్టి సగం డేటాని చూసి మోసపోవడానికి ఇంకో థ్రెడ్ మిగలదు. కానీ స్టోరేజ్‌లో సగం రాసిన ఫైల్ మాత్రం అలాగే పడి ఉంటుంది.

ఆపరు, ఆగమని అడుగుతారు

బడంగ్‌పేట్ వైపు ఉండేవాళ్లకి శంషాబాద్ విమానాలు కొత్త కాదు. దిగబోతున్న విమానం దిగకూడదనుకుంటే కంట్రోల్ టవర్ దాన్ని గాల్లో పట్టుకుని ఆపలేదు. "గో అరౌండ్" అని పైలట్‌కి చెబుతుంది అంతే. పవర్ పెంచడం, పైకి లేపడం, చక్రాలు ముడవడం, ఇవన్నీ పైలటే ఒక వరుసలో చేస్తాడు. లోపలి పరిస్థితి తెలిసింది అతనికే కదా.

ప్రోగ్రామ్‌లో క్యాన్సిల్ కూడా ఇంతే. మెయిన్ థ్రెడ్ ఒక ఫ్లాగ్ ఎత్తుతుంది. వర్కర్ మధ్యమధ్యలో దాన్ని చూసుకుని, సేఫ్‌గా ఉన్న చోట తనంతట తానే ఆగుతుంది. కోడ్‌ని మన మాటల్లో రాస్తే:

ముక్క మిగిలి ఉన్నంతసేపు:
– క్యాన్సిల్ అడిగారా? అయితే బయటికి రా
– ఒక ముక్క కాపీ చెయ్
చివర్లో, ఎలా బయటికొచ్చినా:
– ఫైల్ మూసెయ్, పని పూర్తవకపోతే సగం ఫైల్ తీసెయ్

2010లో డాట్‌నెట్ 4 దీన్ని క్యాన్సిలేషన్ టోకెన్ అంది. 2016లో గో 1.7 కాంటెక్స్ట్ ప్యాకేజ్‌తో తెచ్చింది. ఇప్పుడు ఆండ్రాయిడ్ యాప్‌లలో ఎక్కువగా వాడే కోట్లిన్ కొరుటీన్స్‌లో పేరెంట్ పనిని క్యాన్సిల్ చేస్తే దాని కింది పిల్ల పనులన్నిటికీ ఆ కబురు అందుతుంది. పేర్లు వేరు, ఐడియా ఒక్కటే.

కోడ్ రాసేవాళ్లకి ఒక మాట: ఆ ఫ్లాగ్‌ని మామూలు వేరియబుల్‌గా పెట్టకండి, వోలటైల్ లేదా అటామిక్‌గా పెట్టండి. లేకపోతే మెయిన్ థ్రెడ్ మార్చిన విలువ వర్కర్‌కి ఎప్పటికీ కనపడకపోవచ్చు.

ఎన్నిసార్లు చూసుకోవాలి?

ఒక లెక్క వేద్దాం. 2 జీబీ సినిమా ఫైల్, సెకనుకి 100 ఎంబీ స్పీడ్. కాపీకి సుమారు 20 సెకన్లు. ఫైల్‌కి ఒకసారి మాత్రమే ఫ్లాగ్ చూస్తే, క్యాన్సిల్ నొక్కాక మీరు దాదాపు 20 సెకన్లు ఆగాల్సి రావచ్చు. అదే 1 ఎంబీ ముక్కకి ఒకసారి చూస్తే? 10 మిల్లీసెకన్లలో తెలిసిపోతుంది. ఫ్లాగ్ చూడ్డానికి పట్టే టైమ్ దీని ముందు లెక్కలోకే రాదు.

సెకనులో పదో వంతు లోపల స్పందన వస్తే వెంటనే జరిగినట్టు అనిపిస్తుందని యూజబిలిటీ నిపుణుడు జాకబ్ నీల్సన్ 1993లోనే రాశారు. 10 మిల్లీసెకన్లంటే అందులో హాయిగా పట్టేస్తుంది.

అసలు చిక్కు నిద్రపోతున్న థ్రెడ్‌తో వస్తుంది. నెట్ స్లోగా ఉంది, వర్కర్ సర్వర్ జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. అది నిద్ర లేస్తే కదా ఫ్లాగ్ చూసేది! జావాలో ఇంటరప్ట్ అనే పిలుపు స్లీప్‌లో, వెయిట్‌లో ఉన్నవాటిని లేపుతుంది. పాత తరహా సాకెట్ రీడ్‌లో ఇరుక్కున్నదాన్ని లేపలేదు. అప్పుడు ఆ సాకెట్‌నే మూసేయాలి, ఎర్రర్‌తో వర్కర్ బయటికొస్తుంది. సిగ్నల్ వీక్‌గా ఉన్నప్పుడు కొన్ని యాప్‌లు క్యాన్సిల్ వినకపోవడానికి ఇదొక కారణం.

ఒక దశ దాటాక క్యాన్సిల్ లేదు

మళ్లీ రన్‌వే దగ్గరికే వద్దాం. టేకాఫ్‌లో వీ1 అనే స్పీడ్ ఉంటుంది. అది దాటేవరకు బ్రేక్ వేసి ఆగొచ్చు. దాటాక ఒక ఇంజిన్ ఆగిపోయినా గాల్లోకి లేవాల్సిందే, ఎందుకంటే అప్పుడు ఆపడమే ఎక్కువ ప్రమాదం.

మంచి యాప్‌కి కూడా తన వీ1 ఎక్కడుందో తెలియాలి. తెలివైన పద్ధతి ఏంటంటే, ఆ దశని వీలైనంత చివరికి, వీలైనంత చిన్నగా పెట్టడం. వీడియోని ముందు టెంపరరీ ఫైల్‌లో రాసి, మొత్తం పూర్తయ్యాకే అసలు పేరు పెడతారు. పేరు మార్చేముందు ఎప్పుడు ఆపినా మీ పాత వీడియో భద్రం.

2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చిన ఏ/బి అప్‌డేట్‌లలో ఉన్నది ఇదే ఆలోచన. ఫోన్ ఏ స్లాట్ నుంచి నడుస్తుంటే కొత్త వెర్షన్ బి స్లాట్‌లో ఇన్‌స్టాల్ అవుతుంది. మధ్యలో ఆగినా మీ ఫోన్ ఏ నుంచి మామూలుగానే నడుస్తుంది.

డబ్బుల దగ్గరికొస్తే ఇంకా జాగ్రత్త. యూపీఐలో పిన్ కొట్టాక పని మీ ఫోన్‌లో లేదు, బ్యాంకుల సర్వర్లకి వెళ్లిపోయింది. బ్యాక్ నొక్కితే మూసుకునేది స్క్రీన్ మాత్రమే. చక్రం తిరుగుతోందని బయటికొచ్చి మళ్లీ పే చేస్తే రెండుసార్లు కట్ అయ్యే ఛాన్స్ ఉంది. ముందు హిస్టరీలో స్టేటస్ చూడండి, పెండింగ్ ఉంటే ఆగండి.

మీ ఫోన్‌లో ఇలా టెస్ట్ చేయండి

1. పెద్ద వీడియో ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టి 30 శాతం దగ్గర క్యాన్సిల్ నొక్కండి. వెంటనే "ఆపుతున్నాం" అనైనా చూపించిందా?
2. స్టోరేజ్ చూడండి. ముందున్నంత ఖాళీ తిరిగొచ్చిందా, లేక సగం ఫైల్ మిగిలిందా?
3. వెంటనే మళ్లీ మొదలుపెట్టండి. పాత పని ఇంకా వెనక నడుస్తుంటే రెండోది స్లో అవుతుంది, ఫోన్ వేడెక్కుతుంది.
4. డౌన్‌లోడ్ మధ్యలో డేటా ఆఫ్ చేసి క్యాన్సిల్ కొట్టండి. నిద్రపోయిన థ్రెడ్‌ని యాప్ లేపగలదో లేదో తెలిసిపోతుంది.

ఈ నాలుగూ పాసైన యాప్‌లో మీ ఫైళ్ల గురించి జాగ్రత్తగా ఆలోచించినవాళ్లు ఉన్నారనుకోవచ్చు. రెండో టెస్ట్ ఫెయిలైన యాప్‌ని మాత్రం స్టోరేజ్ తక్కువున్న ఫోన్‌లో పెట్టుకోకండి. ఆ సగం ఫైళ్లన్నీ చివరికి మీరే వెతికి డిలీట్ చేసుకోవాలి.